ఉగాదికి రాసుకున్నవి పదకొండు, శ్రావణానికి అయినవి సున్నా: పీహెచ్‌డీ చివర్లో ఉన్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

ఏకులబుట్ట (శ్రీకాకుళం)
ఆగస్టు 17, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే గానీ రాయడం ఇదే మొదలు. నాది ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ, ఐదో ఏడు నడుస్తోంది. పొందూరులో ఖాదీ నూలు వడికే ఆడవాళ్ల సంపాదన మీద. 140 మందితో మాట్లాడాను. నింపిన ప్రశ్నపత్రాలు రెండు గోనెసంచుల్లో మంచం కింద ఉన్నాయి. ఇక రాయడమే మిగిలింది. పగలు ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా గంటల లెక్కన పాఠాలు చెప్తాను.

ఉగాది రోజు పచ్చడి తిని, తెల్లకాగితం తీసుకుని ఈ ఏడాది చెయ్యాల్సినవి పదకొండు రాశాను. థీసిస్ పూర్తి, నెట్ (లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష) పాస్, రెండు పరిశోధన పేపర్లు, ఎనిమిది కిలోలు తగ్గడం, రోజూ ఐదు కిలోమీటర్ల నడక, తెల్లవారి నాలుగింటికి లేవడం, స్కూటీ నేర్చుకోవడం, నెలకి ఐదు వేలు దాచడం, ఇరవై నాలుగు పుస్తకాలు, ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడడం, జాకెట్లు కుట్టడం. బీరువా తలుపు మీద అంటించాను.

మొన్న పెళ్లిచూపులకి వచ్చారు. అబ్బాయి వాళ్లమ్మగారు చీర సర్దుకుంటానని లోపలి గదిలోకి వెళ్లి ఆ కాగితం మొత్తం పైకి చదివేశారు. "ఎనిమిది కిలోలు తగ్గాలా? ఇప్పుడెంతున్నావమ్మా?" అన్నారు. హాల్లో ఉన్న అందరికీ వినబడింది. మా నాన్న ఫ్యాన్ స్పీడు పెంచడానికి లేచి, అక్కడే నిలబడిపోయారు.

వాళ్లు వెళ్లాక కాగితం చింపేద్దామని వెళ్లి ఒక్కోటీ చూశాను. పదకొండిట్లో ఒక్కదానికీ టిక్ లేదు. స్కూటీకి ఏప్రిల్లో నాలుగు రోజులు వెళ్లాను, అంతే.

చదువు ఆఖర్లో ఉన్నప్పుడు ఇంకేమీ పెట్టుకోకూడదా? పెట్టుకుంటే ఎన్ని? మీరెలా చేశారో చెప్పండి. టైంటేబుల్ వేసుకో అని మాత్రం అనకండి, నా దగ్గర ఇప్పటికే తొమ్మిదున్నాయి.

---

పలాస ప్యాసింజర్
ఆగస్టు 17, రాత్రి 10:55

అదంతా సరే అప్పా, సంబంధం ఏటయ్యింది? మధ్యలో ఆపేస్తే ఎలాగ?

---

ఏకులబుట్ట
ఆగస్టు 17, రాత్రి 11:03

పీహెచ్‌డీ ఎప్పుడవుతుందని అడిగారు. నాకే తెలిస్తే ఇంకేం అన్నాను. మళ్లీ ఫోన్ రాలేదు.

---

ఎచ్చెర్ల గేటు
ఆగస్టు 18, ఉదయం 6:20

చెల్లెమ్మా, నాది అయిపోయి మూడేళ్లయింది. కాబట్టి కొంచెం పెద్దరికం చేస్తాను, ఏమనుకోకు.

నీ కాగితం మీద ఉన్నవి పనులు కావు. నువ్వు ఎలాంటి మనిషివి కావాలనుకుంటున్నావో ఆ మనిషి బొమ్మ అది. నాలుగింటికి లేచి, ఐదు కిలోమీటర్లు నడిచి, ఇంగ్లీషు దంచేసి, సాయంత్రం జాకెట్ కుట్టే మనిషి. ఆవిడ బాగుంటుంది, కాదనను. కానీ ఆవిడకి రెండు గోనెసంచుల ప్రశ్నపత్రాలు లేవు.

ముందు "థీసిస్ పూర్తి" అనే మాట తీసెయ్యి. అది నీ ఒక్కదాని చేతిలో లేదు. నువ్వు రాస్తే గైడ్ చదవాలి. కమిటీ ముందు చెప్పాలి. ప్రీ-సబ్మిషన్ సెమినార్ అవ్వాలి. సిమిలారిటీ చెక్‌కి వెళ్లాలి. వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం లోపుంటే సరే, దాటి 40 లోపుంటే సరిచేసి మళ్లీ ఇవ్వమంటారు, దానికి ఆరు నెలల లోపు గడువిస్తారు. తర్వాత బయటి ఎగ్జామినర్లు, రిపోర్టులు, వైవా (మౌఖిక పరీక్ష). నా థీసిస్ ఇచ్చిన రోజుకీ వైవా రోజుకీ మధ్య మా అన్నయ్యకి పెళ్లయి కొడుకు పుట్టాడు. నీ చేతిలో ఉన్నది ఒక్కటే, అధ్యాయం రాసి గైడ్ టేబుల్ మీద పెట్టడం. అంతవరకే నీ లక్ష్యం.

రెండోది, రిజిస్ట్రేషన్ ఆర్డర్ బయటికి తీసి తేదీ చూడు. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ నిబంధనల్లో గరిష్ఠం ఆరేళ్లు. ఆడవాళ్లకి ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది. ఆ రెండేళ్లనీ ఇప్పుడే లెక్కలో వేసుకోకు. పండక్కి దాచిన డబ్బులాంటిదది, ఉందని తెలిస్తే ముందే ఖర్చయిపోతుంది.

---

గంటస్తంభం (విజయనగరం)
ఆగస్టు 18, ఉదయం 9:15

నేను మొహమాటం లేకుండా చెప్తాను. ఒక్కటే పెట్టుకోండి. మిగతా పదీ చింపేయండి.

ఎంకాం ఫైనలియర్లో బ్యాంకు కోచింగ్‌కి కూడా వెళ్లాను. పొద్దున్న కాలేజీ, సాయంత్రం కోచింగ్, రాత్రి రెండూ. మూడు మార్కుల్లో బ్యాంకు పోయింది, ఒక పేపర్ తప్పాను. ఏదో ఒకటే చదివుంటే ఏదో ఒకటి దక్కేది. ఆ పేపర్ మళ్లీ రాయడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాది ఇంట్లో ఏ పండక్కీ నన్ను కొత్త బట్టల కొలతలకి రమ్మనలేదు, అదీ నా పరిస్థితి.

---

మూడు లాంతర్లు (విజయనగరం)
ఆగస్టు 18, మధ్యాహ్నం 1:40

గంటస్తంభం గారూ, మీది అందరికీ వర్తించదు. రెండు పరీక్షలు ఒకే బుర్రని తింటాయి. పరీక్ష పక్కన ఇంకో పరీక్ష పెడితే ఎవరికైనా అంతే.

నేను లెక్కల్లో పీహెచ్‌డీ చేస్తూ వీణ నేర్చుకున్నాను. మా ఊళ్లో సంగీతం సంగతి తెలిసిందే కదా, 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఏ వీధిలోకి వెళ్లినా నేర్పేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. నేను వెళ్లిన టీచర్ గారి దగ్గర పనసకర్రతో చేసిన బొబ్బిలి వీణ ఉండేది. మొత్తం ఒకే దుంగలోంచి తొలిచిన ఏకాండి. నేను మొదటిరోజే "నాకు ఎనిమిది నెలల్లో ఒక కీర్తన రావాలి" అన్నాను. ఆవిడ నవ్వి, "నీకు రోజుకి ఎంతసేపు కుదురుతుంది?" అన్నారు. ఇరవై నిమిషాలన్నాను. "అయితే ఎనిమిది నెలలూ మొదటి పాఠాలైన సరళీ వరసలే. మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, తప్పు లేకుండా వస్తే చాలు" అన్నారు.

నిజం చెప్తున్నాను, ఆ ఎనిమిది నెలల్లో ఒక సిద్ధాంతం నిరూపణ నాలుగుసార్లు తప్పింది. ప్రతి రాత్రీ వీణ దగ్గర కూర్చుంటే మాత్రం నిన్నటికంటే ఇవాళ ఒక వరస శుభ్రంగా వచ్చేది. రోజు మొత్తంలో అయ్యిందని చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది. అది లేకపోతే నేను మధ్యలోనే మానేసుండేదాన్ని.

కాబట్టి ఒకటి పక్కన ఇంకొకటి ఉండాలి. అది చిన్నదై ఉండాలి, చదువుకి సంబంధం లేనిదై ఉండాలి, ఎవరూ మార్కులు వెయ్యనిదై ఉండాలి.

---

గంటస్తంభం
ఆగస్టు 18, మధ్యాహ్నం 2:05

మీకు టీచర్ మంచావిడ దొరికారు. అందరికీ దొరకరు. ఒప్పుకుంటాను గానీ సగమే.

---

సగటు మనిషి
ఆగస్టు 18, రాత్రి 8:30

స్టాటిస్టిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి. ఒక లెక్క చెప్తాను.

కెనడాలో 1994లో అచ్చయిన అధ్యయనం ఒకటుంది, బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురిది. ఆనర్స్ థీసిస్ రాస్తున్న విద్యార్థులని ఎన్ని రోజుల్లో ఇస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. అంతా కలిసొస్తే? 27.4. అన్నీ ఎదురు తిరిగితే? 48.6. తీరా పట్టింది 55.5 రోజులు. అంటే ఎన్ని అడ్డంకులొస్తాయో తల బద్దలు కొట్టుకుని ఊహించినా నిజం ఆ ఊహ దాటిపోయింది. అనుకున్న రోజుకి ఇచ్చినవాళ్లు పదిమందిలో ముగ్గురే.

తెలివి తక్కువై కాదు. మనం ముందుకి చూస్తూ లెక్కేస్తాం. ముందున్న రోజులు ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తాయి. వెనక్కి చూసి లెక్కేస్తే సరిపోతుంది. అమ్మా, ఒకటి చెప్పండి, మీ రెండో అధ్యాయం ఎన్నాళ్లలో రాద్దామనుకున్నారు, ఎన్నాళ్లు పట్టింది?

---

ఏకులబుట్ట
ఆగస్టు 18, రాత్రి 9:12

మూడు వారాలనుకున్నాను సార్. పాత డైరీ చూశాను. పదకొండు వారాలు.

---

సగటు మనిషి
ఆగస్టు 18, రాత్రి 9:20

ఇంకెన్ని అధ్యాయాలున్నాయి?

---

ఏకులబుట్ట
ఆగస్టు 18, రాత్రి 9:21

మూడు. చివరిది చిన్నది.

---

సగటు మనిషి
ఆగస్టు 18, రాత్రి 9:26

చిన్నదన్నారు గాబట్టి దాన్నీ పదకొండే వేస్తున్నాను. ముప్పై మూడు వారాలు. ఏప్రిల్. మళ్లీ ఉగాది దాటేస్తుంది. బాధపడకండి, తొమ్మిది టైంటేబుళ్లలో లేని నిజం ఇందులో ఉంది.

---

పలాస ప్యాసింజర్
ఆగస్టు 18, రాత్రి 9:31

మా బండి కూడా ఇంతే మాస్టారూ. బోర్డు మీద ఒక టైం, ఆమదాలవలసలో ఇంకో టైం. తెలిసినోడు బోర్డు చూడడు, నిన్న ఎప్పుడొచ్చిందో టీ కొట్టువాణ్ణి అడుగుతాడు.

---

రెండో షిఫ్టు
ఆగస్టు 19, తెల్లవారి 4:50

నాలుగింటికి లేవాలని రాసుకున్నారు కదా, నేను రోజూ లేస్తాను. నన్ను లేపేది మా పాప. లక్ష్యం కాదు, తప్పక.

నేను మూడో ఏడులో ఉండగా పాప పుట్టింది. ప్రసూతి సెలవు 240 రోజుల దాకా ఉంటుంది, అడిగి రాయించుకోండి, చాలామందికి తెలియదు. నేను చేసిన తప్పేమిటంటే "పాప పడుకున్నాక రెండు గంటలు" అని పెట్టుకున్నాను. పాప పడుకునేసరికి నేనే పడిపోయేదాన్ని. నెలరోజులు అలా పోయాక గంటలు తీసేసి వస్తువులు పెట్టుకున్నాను. ఒక పట్టిక. ఒక పేరా. మూడు రిఫరెన్సుల ఫార్మాట్. అయితే అయిపోయినట్టే, పావుగంటలో అయినా, నాలుగు ముక్కలుగా రోజంతా పట్టినా.

ఇంకోటి. ఇంట్లో వాళ్లకి "చదువుకోవాలి" అంటే అర్థం కాదు. మా అత్తగారికి "ఇవాళ ఒక పట్టిక అత్తయ్యా" అని చెప్పడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం "పట్టిక అయిందా?" అని ఆవిడే అడిగేవారు. కాలేదంటే పాపని ఎత్తుకుని వీధిలోకి వెళ్లిపోయేవారు. ఆవిడ చదివింది ఐదో తరగతి. నా థీసిస్‌లో 62 పట్టికలున్నాయని ఆవిడకి తెలిసినట్టు మా ఆయనకి తెలీదు.

---

ఎంకాం ఫైనల్
ఆగస్టు 19, ఉదయం 11:00

మధ్యలో వస్తున్నందుకు సారీ అన్నా, అక్కా. నాకు నాలుగో సెమిస్టర్, ప్రాజెక్టు ఉంది. డిసెంబర్ నెట్ రాయాలి, డీఎస్సీ పడుతుందేమోనని టెన్షన్. మూడూ కుదురుతాయా?

---

ఎచ్చెర్ల గేటు
ఆగస్టు 19, ఉదయం 11:25

తమ్ముడూ, ప్రాజెక్టు ముందు. అది లేకపోతే డిగ్రీయే లేదు. నెట్ రాయి, కానీ "పాస్" అని రాసుకోకు. మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది 100, మొత్తం 300 మార్కులు, తప్పుకి మార్కు కోత లేదు. రోజుకి ఒక పాత పేపర్లో పాతిక ప్రశ్నలు చెయ్యి, ఆ పాతికే నీ లక్ష్యం. కటాఫ్ దాని దారిన అది పోతుంది. నెట్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. రాని నోటిఫికేషన్ కోసం ఇప్పటి నుంచి నిద్ర మానుకోకు. ఇంకా ఏమైనా ఉంటే వేరే థ్రెడ్ పెట్టు.

---

ఉద్దానం జీడి
ఆగస్టు 19, రాత్రి 10:10

అందరూ లెక్కలు చెప్తున్నారు. లెక్కంతా కొట్టుకుపోతే ఏం చెయ్యాలో నేను చెప్తాను.

నా పీహెచ్‌డీ జీడితోటల్లో టీ దోమ అనే పురుగు మీద. పలాస అవతల ఒక రైతు తోటలో అరవై చెట్లకి రేకు బిళ్లలు కట్టాను. ఒకటి నుంచి అరవై దాకా నంబర్లు, మేకుతో నేనే చెక్కాను. రెండు సీజన్లు చూశాను. మూడో సీజన్‌తో అయిపోతుంది, వచ్చే వేసవికి రాసేస్తానని గైడ్‌కి మాటిచ్చాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. దారి తెరిచి నేను వెళ్లేసరికి నాలుగు రోజులైంది. అరవైలో నిలబడ్డవి తొమ్మిది. మిగతావి వేళ్లతో సహా లేచి ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి. రైతు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పోగొట్టుకున్నది పాతికేళ్ల తోట. నేను పోగొట్టుకున్నది మూడో సీజన్. ఆయన ముందు నా బాధ చెప్పుకోవడానికి సిగ్గేసింది.

ఏం చెయ్యాలో తెలియక ఆ రోజు రేకు బిళ్లలు ఏరాను. కొమ్మల కింద, బురదలో. అదే ఆ రోజు పని. ముప్పై ఎనిమిది దొరికాయి. మర్నాడు మళ్లీ వెళ్లాను, ఏడు. తర్వాత రైతు కొమ్మలు కొట్టుకుంటుంటే పట్టుకున్నాను. కొన్నాళ్లకి, పూర్తిగా చావని మొదళ్లు చిగురేశాయి. టీ దోమ లేత చిగుళ్లనే పడుతుంది. ఆ చిగుళ్ల మీద మళ్లీ మొదలుపెట్టాను. థీసిస్ పేరు మారింది, రెండేళ్లు ఎక్కువైంది.

అప్పట్నుంచి నేను ఏడాదికి లక్ష్యం పెట్టుకోవడం మానేశాను. నాకు కుదిరేది పదిహేను రోజులకే. అంతకంటే ముందుకి చూస్తే ఇప్పటికీ గాలి చప్పుడు వినిపిస్తుంది.

---

పలాస ప్యాసింజర్
ఆగస్టు 19, రాత్రి 10:31

ఆ రాత్రి మాది మందసలో. పెంకులు ఎగిరిపోతుంటే అందరం మంచం కింద దూరాం. నమస్కారం అన్నా.

---

ఏకులబుట్ట
ఆగస్టు 20, రాత్రి 11:15

రెండు రోజులుగా ఇవే చదువుతున్నాను. ఉద్దానం గారూ, మీది చదివాక మంచం కింద గోనెసంచుల కింద రెండు ఇటుకలు పెట్టాను. వానాకాలం కదా.

మీరు చెప్తుంటే పొందూరులో ఒక అవ్వ గుర్తొచ్చింది. నా 140 మందిలో 23వ ఆవిడ. అక్కడ పత్తి గింజలని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, తెలుసు కదా. సన్నటి పళ్లుంటాయి, పీచు తెగకుండా చెత్త మాత్రమే వస్తుంది. ఆవిడ పక్కన పెద్ద గంప నిండా పత్తి ఉంది. ఆవిడ మాత్రం ఒళ్లో చిన్న చేటలో పిడికెడే పెట్టుకుంది. అయిపోయాక మళ్లీ లేచి గంప దగ్గరికి వెళ్లి పిడికెడు తెచ్చుకుంటోంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి. గంపే దగ్గరికి లాక్కోవచ్చు కదా అవ్వా అన్నాను. "గంప కనబడితే సెయ్యి తొందరపడద్ది. పీసు తెగిపోద్ది" అంది.

అప్పుడు నోట్‌బుక్‌లో "పని పద్ధతి" అని హెడ్డింగ్ పెట్టి రాసుకున్నాను. ఐదు నెలలుగా నేను గంపని బీరువాకి అంటించుకుని కూర్చున్నానని ఇవాళ తట్టింది.

---

గంటస్తంభం
ఆగస్టు 21, ఉదయం 9:40

కథ బాగుంది. కానీ ఒకటి మర్చిపోతున్నారు. అవ్వకి చిలపల (నూలు చుట్టల) లెక్కన డబ్బులొస్తాయి. ఎన్ని చిలపలు వడికితే ఆ పూట గడుస్తుందో ఆవిడకి తెలుసు. ఆవిడది లక్ష్యం కాదండీ, బియ్యం. మీ పేజీకి ఎవరు కూలిస్తారు? అందుకే మీకు వాయిదా వెయ్యడం కుదురుతోంది, ఆవిడకి కుదరదు.

---

ఏకులబుట్ట
ఆగస్టు 21, రాత్రి 10:02

మీరన్నది నా ఐదో అధ్యాయం. నవ్వడం లేదు, నిజంగానే. రోజంతా కూర్చుని వడికితే వచ్చేదెంత, అదే మనిషి పొలం పనికి వెళ్తే వచ్చేదెంత అనేదే అందులో లెక్క. చాలామంది పిల్లలు ఎందుకు నేర్చుకోవడం లేదో అక్కడే తెలుస్తుంది. అవ్వ గురించి ముచ్చటగా రాసేసి కూలి మర్చిపోయాను. దెబ్బ బాగా తగిలింది, థాంక్స్.

---

రెండో షిఫ్టు
ఆగస్టు 22, తెల్లవారి 5:05

ఈ మెసేజే మీ ఐదో అధ్యాయం మొదటి పేరా. కాపీ చేసి దాచుకోండి. ఇవాళ్టి పని అయిపోయినట్టే.

---

మూడు లాంతర్లు
ఆగస్టు 22, ఉదయం 10:30

ఇంకొక్క మాట. క్యాలెండర్ తీసుకుని, పని జరగని రోజులు ముందే కొట్టేయండి. నేను మొదటి ఏడాది దసరా వారంలో ఒక సెక్షన్ రాస్తానని పెట్టుకున్నాను. మాకు దసరా అయ్యాక వచ్చే మంగళవారం సిరిమాను, సోమవారం తొలేళ్లు. ఇంటినిండా చుట్టాలు, వీధినిండా జనం. పైడితల్లమ్మ పండగ జరుగుతుంటే గదిలో కూర్చుని నిరూపణ రాసేవాళ్లు విజయనగరంలో పుట్టలేదు. రాయలేదని వారం ఏడ్చాను. రెండో ఏడాది ఆ వారం మొత్తం నల్లపెన్నుతో కొట్టేశాను. పండగ చూశాను, ఏడవలేదు. మీకూ రథసప్తమి, సంక్రాంతి, మాఘమాసం పెళ్లిళ్లు ఉంటాయి కదా.

---

పలాస ప్యాసింజర్
ఆగస్టు 22, ఉదయం 10:44

పెళ్లిచూపులు కూడా కొట్టెయ్యండి అప్పా.

---

ఏకులబుట్ట
ఆగస్టు 24, మధ్యాహ్నం 3:30

కొత్త కాగితం. ఈసారి బీరువా లోపలి వైపు అంటించాను.

థీసిస్: వారానికి ఐదు రోజులు, రోజుకి ఒక పట్టిక కింద వివరణ. నాలుగో అధ్యాయంలో 31 పట్టికలున్నాయి. ఆదివారం లేదు. పండగలు కొట్టేశాను.

స్కూటీ: శనివారం ఒక్కటే. డే అండ్ నైట్ జంక్షన్ దాకా వెళ్లి వస్తే చాలు. ఏడు రోడ్ల జంక్షన్ ఈ ఏడాది నా జాబితాలో లేదు. అక్కడ ఏ రోడ్డు ఎటు పోతుందో నడిచేటప్పుడే తెలియదు.

నడక: కాలేజీ నుంచి వచ్చేటప్పుడు ఒక స్టాప్ ముందు దిగుతాను.

నెట్ జూన్‌కి. మిగతావి లేవు. ఎనిమిది కిలోలు ఆవిడే చదివేశారు కాబట్టి ఆవిడకే వదిలేశాను. ఇంగ్లీషు కొట్టెయ్యడానికే కష్టమైంది, ఎందుకో తెలియదు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వైవాలో అవసరం కదా అనిపించింది. చివరికి కొట్టేశాను.

---

సగటు మనిషి
ఆగస్టు 24, సాయంత్రం 6:00

31 పట్టికలు, వారానికి ఐదు. ఆరు వారాలు పైన ఒకటి అనిపిస్తుంది. మీ పాత లెక్క ప్రకారం పదకొండు వేసుకోండి. నవంబర్ రెండో వారం. అక్టోబర్ అని ఎవరికీ మాటివ్వకండి.

---

ఏకులబుట్ట
అక్టోబర్ 26, రాత్రి 9:48

ఎవరైనా గుర్తుపెట్టుకున్నారా? 17 పట్టికలు అయ్యాయి. తర్వాత పంతొమ్మిది రోజులు ఒక్కటీ కాలేదు. అమ్మకి కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రి, ఇప్పుడు పర్వాలేదు. ఈలోగా కాలేజీలో ఇంటర్నల్స్, రోజూ ఇన్విజిలేషన్. పేపర్లు దిద్దాం, ఆ డబ్బులు ఇంకా పడలేదు.

ఇబ్బంది పంతొమ్మిది రోజులది కాదు. ఇరవయ్యో రోజుది. కూర్చుంటే 18వ పట్టిక ఎవరో వేరేవాళ్లు చేసినట్టుంది. "ఇన్ని రోజుల బాకీ" అనుకుని ఆ రాత్రి ఐదు చేద్దామని కూర్చున్నాను. ఒక్కటీ అవ్వలేదు.

---

ఉద్దానం జీడి
అక్టోబర్ 26, రాత్రి 10:20

బాకీ తీర్చకు అమ్మా. పోయినవి పోయాయి. రేపు రాయకు, ఆఖరి మూడు పట్టికల వివరణ నువ్వు రాసినదే చదువుకో. రేకు బిళ్లలు ఏరడం లాంటిదే. ఎల్లుండి 18.

---

రెండో షిఫ్టు
అక్టోబర్ 27, తెల్లవారి 4:40

అమ్మగారు జాగ్రత్త. చోడంబలి (రాగిజావ) పలచగా కాచి ఇవ్వండి, నీరసానికి మా ఇంట్లో అదే. 18వది అయ్యాక చెప్పండి, మా అత్తయ్య అడుగుతున్నారు. నిజంగానే ఆవిడకి ఈ థ్రెడ్ చదివి వినిపిస్తున్నాను.

---

ఏకులబుట్ట
అక్టోబర్ 29, రాత్రి 10:35

18 అయింది. అత్తయ్యగారికి చెప్పండి.

---

ఎచ్చెర్ల గేటు
నవంబర్ 23, ఉదయం 7:10

ఎంతవరకు వచ్చింది చెల్లెమ్మా?

---

ఏకులబుట్ట
నవంబర్ 23, రాత్రి 8:55

నాలుగో అధ్యాయం నిన్న గైడ్ గారి టేబుల్ మీద పెట్టాను అన్నయ్యా. సగటు మనిషి గారు చెప్పినదానికంటే ఇంకో పది రోజులు ఎక్కువే పట్టింది. సార్ లేరు, అటెండర్ "ఏటమ్మా ఇంత బరువు" అని తీసుకున్నారు. బయటికొచ్చి ఎచ్చెర్ల గేటు దగ్గర బస్సు కోసం నిలబడితే చేతులు ఖాళీగా ఏదోలా అనిపించాయి. వేరుశనగ కాయలు కొనుక్కున్నాను.

స్కూటీ మీద డే అండ్ నైట్ దాకా ఆరు శనివారాలు వెళ్లాను. ఒకసారి పడ్డాను, మోకాలు చెక్కుకుంది. నడక మాత్రం వానల్లో మానేశాను, మళ్లీ మొదలుపెట్టలేదు.

---

గంటస్తంభం
నవంబర్ 23, రాత్రి 9:30

మూడిట్లో రెండు. నేను ఒక్కటే అన్నాను, మీరు రెండు చేశారు. మాట వెనక్కి తీసుకోను గానీ సంతోషం.

---

ఏకులబుట్ట
డిసెంబర్ 28, రాత్రి 9:05

సార్ ఇవాళ అధ్యాయం తిరిగిచ్చారు. ఎర్ర సిరా చూసి గుండె ఆగింది. చాలావరకు భాష, అక్కడక్కడా "ఆధారం?" అని ఉంది. ఒకచోట మాత్రం పెద్ద సున్నా చుట్టారు. పట్టిక 4.17లో శాతాలన్నీ కూడితే 100 రావాలి, 100.1 వస్తోంది. అమ్మ ఆసుపత్రికి ముందు నేను ఆఖరున చేసింది అదే. మళ్లీ మళ్లీ కూడి చూశాను. 140 మందీ సరిగ్గానే ఉన్నారు. సగటు మనిషి గారూ, ఉన్నారా?

---

సగటు మనిషి
డిసెంబర్ 28, రాత్రి 9:18

ఉన్నాను. దశాంశం తర్వాత ఒక అంకెకి సవరించారు కదా, అందుకే. తప్పు కాదు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో "సవరింపు వల్ల మొత్తం సరిగ్గా 100 కాకపోవచ్చు" అని రాసేయండి.

---

ఏకులబుట్ట
డిసెంబర్ 28, రాత్రి 9:24

రాసేశాను. ఇవాళ్టిది అయిపోయింది. అమ్మ అన్నానికి పిలుస్తోంది.